విద్యార్జన కోసం ప్రయాణం: వెళ్ళేవారు, తిరిగివచ్చేవారు

తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాల నడుమ విస్తరించిన డెల్టా పల్లెల్లో ‘బి.పి.టి.’ అంటే ఏమిటో చిన్నపిల్లలు సైతం చెబుతారు. వలీమా విందులోనైనా, రమజాను ఇఫ్తారులోనైనా సన్నగా, మెత్తగా ఉడికే ఆ బియ్యానికే మనవారు ప్రాధాన్యమిస్తారు. ఆ మూడు అక్షరాలు బాపట్ల పేరుకు పొట్టి రూపం. 5204 దాని సంఖ్య. సాంబ మసూరి దాని పేరు. బాపట్లలోని వరి పరిశోధకులు రూపొందించగా 1986లో విడుదలైన ఈ వంగడపు వంశావళిని పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దాని పూర్వీకుల్లో ఒకటి కోయంబత్తూరులో ఎంపిక చేసిన జి.ఇ.బి. 24. మరొకటి తైవాన్ నుండి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1. మూడవది మసూరి. ఇది మలేషియా వరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చొరవతో కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో జపాన్ తరహా వరినీ, ఆసియా ఉష్ణదేశాల వరినీ సంకరపరిచే పథకం ఒకటి నడిచింది. దాని ఫలితంగా లభించిన విత్తనాల నుండి మలేషియాలో ఎంపిక చేసి 1965లో విడుదల చేసిన రకమే మసూరి. అక్కడి లంకావి దీవిలో చెప్పుకునే ఒక గాథలోని స్త్రీ పేరు దానికి పెట్టారు. ఆ పేరే నేడు మన ఇంటి బియ్యపు బస్తా మీద కనిపిస్తున్నది.

విత్తనం తనంతట తాను సముద్రాలు దాటదు. ఒక దేశపు శాస్త్రవేత్త మరొక దేశపు ప్రయోగశాలకు వెళ్ళాలి, అక్కడి పద్ధతి నేర్చుకోవాలి, తన పొలాన్ని ఎరిగినవాడై తిరిగిరావాలి. లేదా తాను నేర్చినది ఎవరో ఒకరి ద్వారా పంపించాలి. పండితుల అంతర్జాతీయ రాకపోకలు అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇదే. మన ఇళ్ళలో ఈ విషయం వీసా, ఎయిర్ టికెట్టు, అప్పు అనే మూడు మాటల్లోకి కుదించుకుపోయింది. అందువల్ల ఈ ప్రాంతానికీ, తెలుగు నేలకూ చెందిన ముగ్గురు విద్వాంసుల ప్రయాణాలను ఒకసారి తరచి చూడటం ఉపయోగకరం. వారిలో ఒకరు తిరిగివచ్చారు, ఒకరు రాలేదు, మరొకరు రాలేని స్థితిలో పడ్డారు.

రిహ్లా అనే సంప్రదాయం

జ్ఞానం కోసం చేసే ప్రయాణాన్ని అరబీలో రిహ్లా అన్నారు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి.) ఒకే ఒక్క హదీసును దానిని స్వయంగా విన్న వ్యక్తి నోటి నుండి వినాలని ఒంటె కొనుక్కుని, నెల రోజులు ప్రయాణించి, సిరియా ప్రాంతంలో ఉన్న అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి.) వద్దకు వెళ్ళిన ఉదంతం హదీసు గ్రంథాల్లో నమోదైంది. ఇటువంటి ప్రయాణాలను గురించే ఖతీబ్ బగ్దాదీ ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. విద్య కోసం చైనాకైనా వెళ్ళమనే మాట మన సభల్లో తరచూ వినిపిస్తుంది గాని, దాని పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు తేల్చారు. జాబిర్ (రజి.) ఉదంతం ఉండగా మనకు ఆ మాట అవసరమే లేదు.

ఇక్కడ తరచుగా మరుగున పడే అంశం ఒకటున్నది. దివ్యఖుర్ఆన్ తౌబా సూరాలోని 122వ వాక్యం, అందరూ ఒక్కసారిగా బయలుదేరక, ప్రతి సమూహం నుండి కొందరు ధర్మావగాహన పొందాలనీ, ఆ అవగాహనను తమ ప్రజలకు చేర్చాలనీ సూచిస్తున్నది. ఆ వాక్యం ధార్మిక జ్ఞానానికి సంబంధించినదే. అయినా అందులో ప్రయాణంతో పాటు తిరుగుప్రయాణం కూడా ప్రస్తావితం కావడం గమనించదగినది. కొందరు వెళ్ళడం, మిగిలినవారు వారి కోసం ఎదురుచూడటం, వచ్చినవారు చెప్పేది వినడానికి సిద్ధంగా ఉండటం: ఈ మూడూ కలిస్తేనే అది పూర్తవుతుంది.

అబ్బాసీయుల బాగ్దాదులో ఈ సంసిద్ధత ఉండేది. గ్రీకు వైద్యుడు గాలెన్ రాసిన ఒక గ్రంథం కోసం హునైన్ బిన్ ఇస్‌హాఖ్ ఇరాకు, సిరియా, పాలస్తీనా, ఈజిప్టుల మీదుగా అలెగ్జాండ్రియా దాకా గాలించి, చివరకు డమాస్కసులో సుమారు సగభాగం మాత్రమే సంపాదించగలిగారు. ఆయన క్రైస్తవుడు. ఆయన అనువాదాలకు ప్రతిఫలమిచ్చి ఆదరించినవారిలో ముస్లిములు అనేకులు. దొరికిన ఆ సగాన్ని అరబీలోకి తెచ్చే వ్యవస్థ, చదివే పాఠకులు, పోషించే ధనికులు అక్కడ ఉన్నందువల్లనే ఆ శ్రమ వృథా కాలేదు.

యలవర్రు నుండి బెత్లెహేముకు

తెనాలికి సమీపంలోని యలవర్రు గ్రామంలో 1922 సెప్టెంబరు 10న ఒక రైతు కుటుంబంలో జన్మించిన యలవర్తి నాయుడమ్మ జీవితంలో ఈ సంసిద్ధత విలువ స్పష్టంగా కనిపిస్తుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక శాస్త్రం చదివిన ఆ యువకుడు తోళ్ళశుద్ధిని తన వృత్తిగా ఎంచుకున్నారు. తోలు ముట్టుకుంటే మైల అనుకునే సమాజంలో, పొలం దున్నుకునే ఇంటి నుండి వచ్చినవాడు ఆ పని ఎంచుకోవడం నాడు చిన్న నిర్ణయం కాదు. మద్రాసులో ఆ విద్య అభ్యసించిన మీదట, పాదరక్షల తయారీకి పేరుపొందిన ఇంగ్లండు పట్టణం నార్తాంప్టన్‌కూ, అక్కడి నుండి అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయానికీ వెళ్ళి, డాక్టరేటు పొందారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న పట్టణం పేరు బెత్లెహేము. హజ్రత్ ఈసా (అలై.) జన్మస్థలమైన బైతుల్ లహమ్ పేరే అది. అమెరికాకు వలస వచ్చిన ఒక క్రైస్తవ సమూహం 18వ శతాబ్దంలో తమ కొత్త ఊరికి ఆ పేరు పెట్టుకున్నది.

ఆయన అక్కడ నేర్చినదేమిటి? పచ్చితోలులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు పోగులుగా అల్లుకుని ఉంటుంది. దానిని అలాగే వదిలితే కుళ్ళిపోతుంది. తంగేడు వంటి చెట్ల బెరడులోని వగరు పదార్థాలు ఆ పోగులను పట్టి బంధించినపుడు తోలు చెడకుండా నిలుస్తుంది. ఈ రహస్యం మన పల్లెల్లో తోలు పని చేసేవారికి తరతరాలుగా చేతికి తెలుసు. ఎందుకు అలా జరుగుతుందో, ఎంత పాళ్ళలో ఏది కలిపితే ఏ ఫలితం వస్తుందో రసాయన శాస్త్రం వివరిస్తుంది. చేతి విద్యకూ పుస్తక విద్యకూ మధ్య నడిచేవాడు కావాలి. నాయుడమ్మ అటువంటివారు.

ఈ విద్య పయనించిన దారి కూడా వింతయినదే. మొరాకోలోని ఫెజ్ నగరంలో, సంప్రదాయ కథనం ప్రకారం 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ స్థాపించిన ఖరవియ్యీన్ విద్యాలయానికి కొద్ది దూరంలోనే తోళ్ళకు రంగు అద్దే తొట్లు నేటికీ ఉన్నాయి. మేక తోలుతో చేసే మేలురకపు పుస్తకాల అట్టలకు యూరపులో ‘మొరాకో’ అనే పేరే స్థిరపడింది. ముస్లిముల పాలనలోని కార్డోబా నగరపు తోలు ఎంతగా ప్రసిద్ధి చెందిందంటే, ఇంగ్లీషులో చెప్పులు కుట్టేవాడికి ఉన్న ఒక పాత పేరు ఆ నగరం పేరు నుండే పుట్టింది. కనుక నార్తాంప్టన్‌లో తెనాలి యువకుడు అందుకున్న విద్యలో ఒక పాయ అంతకు పూర్వం ఫెజ్, కార్డోబాల మీదుగా ప్రవహించినదే.

నాయుడమ్మ తిరిగివచ్చారు. దేశభక్తి అనే ఒక్క మాటతో దీనిని వివరించి ఊరుకోవడం మన వక్తలకు అలవాటు. అది సగమే నిజమని నా అభిప్రాయం. ఆయన చదువు ముగించే నాటికి మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఉన్నది. 1948లో దానికి శంకుస్థాపన జరిగింది. ఆయన నేర్చిన విద్యకు తగిన ప్రయోగశాల, చేయవలసిన పని, దానికి అవసరపడే పరిశ్రమ ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి. అదే కాలంలో, 1949లో, ఇంగ్లండులో డాక్టరేటు చేసి స్వదేశం వచ్చిన హరగోవింద్ ఖొరానాకు ఇక్కడ తగిన ఉద్యోగం దొరకలేదు. ఆయన మళ్ళీ విదేశానికే వెళ్ళారు. 1968లో నోబెల్ బహుమతి అందుకునే నాటికి ఆయన అమెరికాలో ఉన్నారు. ఇద్దరికీ స్వదేశంపై ప్రేమలో తేడా ఉన్నదని ఎవరు చెప్పగలరు? ఒకరికి తలుపు తెరిచి ఉంది, మరొకరికి లేదు.

1958లో నాయుడమ్మ ఆ సంస్థకు డైరెక్టరయ్యారు. అప్పటికి ఆయన వయసు 36 నిండలేదు. తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు పట్టణాల టానరీల్లో అధికభాగం ముస్లిం వర్తక కుటుంబాలవే. అక్కడి మదరసాలు, కళాశాలలు, అనాథాశ్రమాలు అనేకం ఆ వ్యాపారపు ఆదాయంతోనే నిలబడ్డాయి. ఒకప్పుడు వారు తోళ్ళను సగం శుద్ధి చేసి ఎగుమతి చేసేవారు. తుది మెరుగులు యూరపులో జరిగేవి, లాభమూ అక్కడే మిగిలేది. సీతారామయ్య కమిటీ సిఫారసుల మీదట 1970ల తొలినాళ్ళలో ప్రభుత్వం ముడి, అర్ధశుద్ధి తోళ్ళ ఎగుమతిని కట్టడి చేసి, పూర్తిగా తయారైన తోలును, తోలు వస్తువులను ప్రోత్సహించింది. పరిశ్రమ ఆ మలుపు తీసుకోవాలంటే మెరుగులు దిద్దే విద్య ఇక్కడే ఉండాలి. ఆ విద్యను ప్రయోగశాల గోడల మధ్య బంధించక, టానరీ యజమానులనూ పనివారినీ శాస్త్రవేత్తలతో కలిపి కూర్చోబెట్టిన సంస్థ ఉన్నందువల్ల అది సాధ్యపడింది. విదేశంలో ఒకరు నేర్చిన రసాయన శాస్త్రం ఆ విధంగా ఆంబూరు కార్మికుని చేతిలోకి వచ్చింది. అదే పరిశ్రమ పాలారు నదినీ, అక్కడి భూగర్భ జలాలనూ కలుషితం చేసిన మాట కూడా దాచవలసినది కాదు. తెచ్చుకున్న విద్యతో పాటు దాని వ్యర్థాలను శుద్ధి చేసే విద్యనూ అంతే శ్రద్ధతో తెచ్చుకోవాలి.

తరువాత 1971 నుండి 1977 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా ఉంటూ, కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, అక్కడి పల్లెల అవసరాలకు శాస్త్ర పరిజ్ఞానాన్ని అన్వయించే పథకాన్ని ఆయన నడిపించారు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ పనిచేశారు. 1985 జూన్ 23న, కెనడా నుండి తిరిగివస్తుండగా, ఐర్లండు తీరానికి చేరువలో ‘కనిష్క’ విమానంలో బాంబు పేలి మరణించిన 329 మందిలో ఆయన ఒకరు. తెనాలిలో ఆయన పేరిట నెలకొల్పిన స్మారక సంస్థ నేటికీ శాస్త్రవేత్తలకు పురస్కారం అందజేస్తున్నది.

తిరిగిరాని మనిషి, తిరిగివచ్చిన మాత్ర

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా వెళ్ళారు. మరి తిరిగిరాలేదు. ఆయన ప్రయాణ వ్యయంలో కొంత మామగారు భరించగా, కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించింది. మన వక్ఫ్ నిర్వాహకులు ఆలోచించదగిన సంగతి ఇది. ఒక దాత విడిచిపెట్టిన ఆస్తి, ఆయన ముఖం కూడా చూడని ఒక పేద విద్యార్థిని సముద్రం దాటించింది. హార్వర్డులో ఆయన రూపొందించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి జీవరసాయన శాస్త్రంలో ఆయన పేరుతోనే నిలిచింది. అయినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళి, ఫోలిక్ ఆమ్లం, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ వంటి ఔషధాల వెనుక పరిశోధన బృందాన్ని నడిపించారు. 1948 ఆగస్టులో కన్నుమూశారు.

ఆయన బృందం సాధించిన మరో మందు డైఇథైల్ కార్బమజిన్. ఈ పేరు పలకడం కష్టమే గాని, మన కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తమ ఎదుటనే మింగించిన తెల్లని మాత్ర అదే. భీమవరం నుండి వెళ్ళిన మనిషి రాలేదు. ఆయన మందు మాత్రం కాలువ గట్టు మీది పల్లెలకు వచ్చి చేరింది. దేశం విడిచిన ప్రతి విద్వాంసుడినీ నష్టం ఖాతాలో రాసే లెక్క ఎంత తొందరపాటుతో కూడినదో దీనివల్ల తెలుస్తుంది. అయితే వెళ్ళినవారందరూ సుబ్బారావులు కారు. ఆయన తల్లిని, భార్యను విడిచి ఉన్న సంవత్సరాల బరువును ఏ మందూ తూచలేదు.

పారిస్‌లో ఒక హైదరాబాదీ

మూడవవారు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908-2002). హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోని సోర్బాన్‌లోనూ డాక్టరేట్లు పొంది, మళ్ళీ ఉస్మానియాకు వచ్చి అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. అంటే ఆయన మొదట తిరిగివచ్చినవారే. ఉస్మానియా కూడా సామాన్యమైన గూడు కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చడం కోసం ముందుగానే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. వైద్యం, గణితం, చరిత్ర, న్యాయశాస్త్రాల గ్రంథాలు వందల సంఖ్యలో ఉర్దూలోకి వచ్చాయి.

1948లో హైదరాబాదు సంస్థానం తరఫున ఐక్యరాజ్య సమితికి వెళ్ళిన ప్రతినిధి బృందంలో హమీదుల్లాహ్ ఉన్నారు. ఆ సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో విలీనమైంది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. దశాబ్దాల పాటు ఏ దేశ పౌరసత్వమూ లేని శరణార్థిగా ఒక చిన్న గదిలో నిరాడంబరంగా జీవించారు. అక్కడి జాతీయ పరిశోధన సంస్థలో పనిచేస్తూ, ఇస్తాంబుల్ వంటి చోట్ల పాఠాలు చెబుతూ, దివ్యఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించి 1959లో ప్రచురించారు. హజ్రత్ అబూ హురైరా (రజి.) శిష్యులైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న హదీసుల సంకలనపు రాతప్రతులను బెర్లిన్, డమాస్కసుల్లో గుర్తించి, వెలుగులోకి తెచ్చినవారు ఆయనే. హదీసులు చాలా ఆలస్యంగా గ్రంథస్తమయ్యాయన్న వాదనకు ఆ చిన్న పుస్తకం బలమైన సమాధానంగా నిలిచింది. దాని కోసం ఒక పండితుడు ఎన్ని గ్రంథాలయాల మెట్లు ఎక్కి ఉండాలో ఊహించండి. ఫ్రాన్సుకు లభించిన ఈ విద్వాంసుణ్ణి ఉస్మానియా తరగతి గది కోల్పోయింది. రాజ్యాల సరిహద్దులు మారినపుడు విద్వాంసుల రాకపోకలు వారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడవు. నేడు గాజాలో, సూడాన్‌లో, సిరియాలో తరగతి గదులు కోల్పోయిన ఆచార్యులకు ఇది కొత్త సంగతి కాదు.

నగరంలోని ఇళ్ళలో

రేపల్లెకు చేరువలో నగరం అనే ఊరున్నది. పేరు నగరమే గాని, అది పొలాల నడుమ ఉన్న మండల కేంద్రం. మొన్నటి దాకా గుంటూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలో చేరింది. ఇటువంటి ఊళ్ళ నుండి పట్టణ కళాశాలలకు వెళ్ళి డిగ్రీ పూర్తి చేసిన పిల్లలు ఇప్పుడు విదేశీ విద్య గురించి ఆలోచిస్తున్నారు. వారి తల్లిదండ్రులకు సలహా ఇచ్చేవారిలో అత్యధికులు కమీషను తీసుకునే కన్సల్టెన్సీల వారే కావడం విచారకరం.

వారు చెప్పని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. రెండేళ్ళ మాస్టర్స్ చదువుకూ, పరిశోధనకూ ఆర్థికంగా హస్తిమశకాంతరం ఉన్నది. అమెరికాలో మాస్టర్స్‌కు సాధారణంగా ఫీజు మొత్తం విద్యార్థే భరించాలి. విజ్ఞాన శాస్త్రాల్లో పిహెచ్.డి. సీటు లభించినవారికి చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మినహాయించి, బోధనలోనో పరిశోధనలోనో సహాయకునిగా పనిచేసినందుకు జీవనభృతి కూడా ఇస్తాయి. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అధికభాగం ఫీజు వసూలు చేయవు. బ్రిటన్‌కు కామన్వెల్త్, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, జర్మనీకి డాడ్, జపాన్‌కు ఆ ప్రభుత్వపు మెక్స్ట్ ఉపకార వేతనాలున్నాయి. వడ్డీతో కూడిన రుణానికి వెనుకాడే ముస్లిం కుటుంబానికి ఈ తేడా తెలియడం అత్యవసరం. మాస్టర్స్ కోసం పొలం అమ్మజూపిన తండ్రికి, తన కుమార్తె పరిశోధనకు అర్హురాలని చెప్పేవారు లేకపోవడమే అసలైన దారిద్ర్యం. కుమార్తె అన్న మాట ఉద్దేశపూర్వకంగానే రాశాను.

ప్రభుత్వ సహాయం కొంత తగ్గింది. విదేశీ విద్యా రుణాలపై మైనారిటీ విద్యార్థుల వడ్డీ భారాన్ని కేంద్రం భరించిన ‘పఢో పర్దేశ్’ పథకం 2022-23 నుండి నిలిచిపోయింది. దేశంలోనే పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకు ఇచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కూడా 2022లోనే నిలిపివేశారు. ఈ రెండవది పోవడం మరింత నష్టం. ఎందుకంటే బయటికి వెళ్ళగల విద్వాంసుడు ముందు ఇక్కడ తయారుకావాలి. ఈ లోటును భర్తీ చేయడానికి మన బైతుల్‌మాల్‌లు, వక్ఫ్ ఆస్తులు ఏ మేరకు ఉపకరిస్తాయో, జకాత్ సొమ్మును ఏ షరతులతో విద్యకు వినియోగించవచ్చో ధార్మిక పండితులతో చర్చించి నిర్ణయించుకోవాలి. ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు, ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక తిరిగిరావడం సంగతి. విదేశంలో పరిశోధన చేసిన యువశాస్త్రవేత్తలు తిరిగివచ్చి పనిచేయడానికి రామానుజన్ ఫెలోషిప్, జీవశాస్త్రాల వారికి రామలింగస్వామి ఫెలోషిప్ ఉన్నాయి. ఇవి సుమారు ఐదేళ్ళకు ముగుస్తాయి. ఆ తరువాత శాశ్వత ఉద్యోగం ఉంటుందన్న హామీ లేదు. విశ్వవిద్యాలయాల్లో ఆచార్య పదవులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచి, పిల్లలు తిరిగిరావడం లేదని నిందించడం న్యాయం కాదు. విదేశాల్లో స్థిరపడిన ఆచార్యులు కొద్ది వారాలు ఇక్కడికి వచ్చి పాఠం చెప్పేందుకు 2015లో ‘జ్ఞాన్’ పథకం, కొన్ని నెలలు పరిశోధనలో పాల్గొనేందుకు 2017లో ‘వజ్ర’ పథకం ప్రారంభమయ్యాయి. ఆ ఆచార్యులు ఎక్కువగా పెద్ద నగరాల ప్రసిద్ధ సంస్థలకే వస్తారు. రేపల్లె కళాశాల విద్యార్థికి వారు కనబడరు. సెలవుల్లో సొంత ఊరికి వచ్చే పరిశోధక విద్యార్థులను ఒక పూట స్థానిక పాఠశాలకు ఆహ్వానించడం దీనికి మించిన మేలు చేయగలదు. దానికి ఏ పథకమూ అవసరం లేదు. మసీదు కమిటీ ఒక కబురు పంపితే చాలు.

దరఖాస్తు చేయదలచిన పిల్లల కోసం చివరగా కొన్ని వివరాలు. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే పిహెచ్.డి. ప్రవేశాలకు దరఖాస్తుల గడువు చాలాచోట్ల అంతకు ముందరి డిసెంబరులోనే ముగుస్తుంది. సాధారణంగా ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలు కావాలి. కాబట్టి ఏ అధ్యాపకుల వద్ద ప్రాజెక్టు చేయాలో డిగ్రీ చివరి సంవత్సరానికి ముందే నిశ్చయించుకోవాలి. సీటు వచ్చాక, ఆ ఆచార్యుని వద్ద అంతకు ముందు చదివిన విద్యార్థులు ఎందరు ఎన్నేళ్ళలో పట్టా పొందారో, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో వారికే ఉత్తరం రాసి అడగండి. విశ్వవిద్యాలయపు ర్యాంకు కంటే ఆ జవాబు మీద ఎక్కువ ఆధారపడవచ్చు.